రోన్ నదిలో పారేసిన గులాబీ అత్తరు

మాచర్లలో మహబూబులకు కొదవ లేదు. సైకిలు షాపు మహబూబ్, జట్కా మహబూబ్, మిరపకాయల కొట్టు మహబూబ్. ఫ్రాన్సు మహబూబ్ మాత్రం ఒక్కడే. గొప్పకు పెట్టుకున్న పేరు కాదు, నిజంగానే వెళ్లొచ్చినవాడు. పేరు వచ్చిన కొత్తలో ఆ పిలుపు వినపడితే మీసం మెలేసేవాడు. కొన్నాళ్లకు అదే పిలుపు వినపడితే తల దించుకుని పక్కసందులోకి తిరిగేవాడు. గర్వం తగ్గి మనిషి ఎంత ఒదిగిపోయాడో అని ఊరు మెచ్చుకుంది. ఊరికేం, పైకి కనపడినదాన్ని మెచ్చుకుంటుంది.

అతను వంటవాడు. బస్టాండు పక్కన తాటాకు పాకలో పలావు వండితే లారీలవాళ్లు బండ్లు ఆపుకుని తినేవారు. చెయ్యి మంచిది. గుణమూ మంచిదే గాని ఒక్క లోపముంది. ఎవరినీ ఏదీ అడిగేవాడు కాదు. అడిగితే చిన్నతనమనుకునేవాడు. నరసరావుపేట బస్సనుకుని ఏదో బస్సెక్కి, కండక్టరును ఒక్క మాట అడగక, దుర్గిలో దిగి ఎండలో నడిచి ఇంటికి వచ్చిన రోజు కూడా ఉంది. అడిగిన భార్యకు దుర్గిలో పనుందని చెప్పాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

భార్య అమీనా బీ అతనికి పూర్తిగా ఎదురు. గాజులమ్మేవాడు వస్తే గాజు ఎట్లా కరుగుతుందో అడిగేది. కంసాలి వస్తే పుటం సంగతి అడిగేది. ఆమె నరసరావుపేట పిల్ల. తండ్రి జాన్ సాహెబ్ అత్తరు పెట్టె చంకన పెట్టుకుని కోటప్పకొండ తిరునాళ్లకూ, దర్గాల ఉరుసులకూ తిరిగి అమ్మినవాడు. చిన్నప్పుడు ఆ బుడ్లు తుడిచి వరుసగా పేర్చడం అమీనా పని. అన్నిటిలోకీ పెద్ద ధర గులాబీ అత్తరుది. దాని మూత తీసే హక్కు ఇంట్లో ఎవరికీ లేదు. సరుకు అమ్ముకునేందుకుగాని పూసుకునేందుకు కాదనేవాడు తండ్రి. బుడ్డి ఖాళీ అయినప్పుడు రెండు చుక్కలు నీళ్లు పోసి గిలకరించి, ఆ నీళ్లు జడకు రాసుకునేది పిల్ల. ఆమె ఎరిగిన గులాబీ అంతే. తండ్రి పోయాడు, పెట్టె అమ్ముడుపోయింది, పెళ్లయి ఉల్లిపాయలూ నెయ్యీ వాసన వేసే ఇంటికి వచ్చింది. పిల్లలు కలగలేదు. ఆ లోటు గురించి మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు.

యాభైల చివర్లో నాగార్జునకొండ లోయలో తవ్వకాలు జోరుగా సాగుతున్నాయి. ఆనకట్ట పూర్తయితే లోయ అంతా మునిగిపోతుంది కాబట్టి, మునిగేలోపల చూసినంత చూద్దామని ఎక్కడెక్కడివాళ్లో వచ్చేవారు. అలా వచ్చిందే ఒక ఫ్రెంచి దొరసాని. రాళ్ల మీద చెక్కిన బొమ్మలను కాగితం మీద గీసుకునేది. మనవాళ్ల కారానికి ఆమె నోరు పొక్కిపోయి, కారం తగ్గించి వండేవాడు కావాలంటే ఎవరో మహబూబును చూపించారు. రెండు చలికాలాలు ఆమెకు వండిపెట్టాడు. ఆమె తెలుగు ముక్కలు ముక్కలుగా నేర్చుకుంది, అతను ఆమె ముఖం చూసి ఆకలి కనిపెట్టడం నేర్చుకున్నాడు.

ఆ దొరసాని తమ్ముడికి వాళ్ల దేశంలో ఒక పెద్ద పడవ ఉంది. లోపల గదులు, మంచాలు, భోజనాల బల్ల అన్నీ ఉన్న పడవ. ఎండాకాలం వస్తే డబ్బున్నవాళ్లను ఎక్కించుకుని రోన్ నది మీద ఊరూరూ చూపిస్తూ దక్షిణానికి తీసుకెళతాడు. మహబూబ్ చేతి పలావు ఆ పడవలో వడ్డిస్తే తమ్ముడి పేరు మోగిపోతుందని దొరసానికి తోచింది. వస్తావా అని అడిగింది. మహబూబ్ ఎంత దూరం, ఎన్నాళ్లు అని కూడా అడగకుండా వస్తానన్నాడు. ఒక్క షరతు పెట్టాడు. పంది మాంసం, సారాయి తను ముట్టడు, తన గిన్నెలూ కత్తీ వాటి దగ్గరకు పోవు. ఆమె సరేనంది.

ఊళ్లో ఎవరికి తోచిన వస్తువు వాళ్లు పురమాయించారు. హోటలు పక్కన టీ కొట్టు పెట్టుకున్న బాజీ చేతి గడియారం తెమ్మన్నాడు. అమీనా బీ అందరూ వెళ్లిందాకా ఆగి, రొట్టె పెడుతూ చెప్పింది.

"ఆ దేశంలో అత్తరు చేసేవాళ్లుంటారంట, దొరసాని చెప్పిందంటివిగా. నాకు చీర వద్దు, నగ వద్దు. గులాబీ అత్తరు ఒక్క బుడ్డి తే. అమ్మేదానికి కాదు, నేను పూసుకునేదానికి."

తెస్తానని మాటిచ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నోరు తెరిచి తనకోసం అడిగింది అదొక్కటే.

పందొమ్మిది వందల యాభై తొమ్మిది ఎండాకాలంలో బొంబాయిలో ఓడెక్కారు. సముద్రం సంగతి మహబూబ్ ఎప్పుడూ సరిగ్గా చెప్పలేదు, ఎందుకంటే దానిలో ఎక్కువ భాగం వాంతులతోనే గడిచింది. మర్సెయ్ రేవులో దిగి, రైలెక్కి లియాన్ పోయి, అక్కడ పడవలో చేరాడు.

నది మాత్రం నచ్చింది. కృష్ణమ్మలా ఎండాకాలం ఇసుక తేలి పడుకునే నది కాదు. గట్టు పొడవునా ద్రాక్షతోటలు, గుట్ట మీద ఒక పాత కోట, దాని కింద ఎర్ర పెంకుల ఊరు, ఊరికొక గంటల గోపురం. గుట్టలు చూస్తే మన పల్నాడు గుట్టలే అనిపించేవి. పచ్చదనం ఒక్కటే తేడా. పడవ వాళ్లు కాలువ మీద లాకులున్నాయంటే, బెజవాడ లాకులు చూసినవాడిని నాకా చెబుతారు అనుకున్నాడు. తీరా పడవ ఆ లాకులోకి వెళ్లి, వెనక తలుపు మూసుకుని, నీళ్లు కిందికి దిగడం మొదలయ్యాక అటూ ఇటూ తడిగోడలు లేస్తూ లేస్తూ ఆకాశం చాపంత అయిపోయింది. బావిలో దింపి పూడుస్తున్నారనుకుని గరిటె చేత్తో పట్టుకునే, చివరి ఘడియలో చదివే కలిమా చదివేశాడు. పంది మాంసం వండడానికి వేరే ఉన్న ముసలి వంటామె అతన్ని చూసి కడుపు పట్టుకుని నవ్వింది. ముందు గోడ తెరుచుకుని ఎండ కనపడ్డాక, తనకు అంతా ముందే తెలుసన్నట్టు ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాడు.

పలావు నిజంగానే పేరు తెచ్చింది. మాచర్ల నుంచి డబ్బాలో తెచ్చుకున్న కారం చిటికెడు వేసినా వాళ్లు కళ్లనీళ్లు తుడుచుకుంటూ మళ్లీ పెట్టమనేవారు. అందరూ ఊళ్లు చూడ్డానికి దిగినప్పుడు అతను పడవలోనే ఉండి అంట్లు చూసుకునేవాడు. అమీనా అడిగిన బుడ్డి సంగతి మనసులో ఉంది. ఏ ఊళ్లో దొరుకుతుందో ఎవరినీ అడగలేదు. దొరసానే గుర్తుపెట్టుకుంది. నది ఒడ్డున ఒక చిన్న ఊరి దగ్గర పడవ ఆగినప్పుడు, పైన గుట్ట మీద తనకు తెలిసిన అత్తరు ముసలాయన ఉన్నాడు రమ్మని, అతన్నీ వెంటబెట్టుకుని అతిథులతో బయలుదేరింది.

ఆ చోటు పొగాకు బ్యారన్ లాంటి పొడుగాటి కొట్టం. ఒకవైపు పూలు కాచి అత్తరు దింపే పెద్ద పెద్ద రాగి బట్టీలు, వాటికి వంకర గొట్టాలు. జాన్ సాహెబ్ చెప్పేవాడని అమీనా నోట విన్నవే. ఇంకోవైపు పొడవాటి బల్లలు. వాటి మీద అద్దపు పలకలు, పలకల మీద తెల్లగా మందంగా ఏదో పూసి ఉంది. ఆడవాళ్లు కూర్చుని ఆ తెల్లదాని మీద మల్లెపూలు ఒక్కొక్కటే బోర్లిస్తున్నారు. పూల వాసన ఆ తెల్లదానిలోకి దిగుతుందట. అదేమిటని ఎవరూ చెప్పలేదు, అతను అడగలేదు. కాని మూలన డబ్బాలున్నాయి. డబ్బా మీద పంది బొమ్మ ఉంది.

మహబూబ్ గభాలున నాలుగడుగులు వెనక్కి వేశాడు. చేతులు వెనక్కి కట్టుకుని, దేనికీ తగలకుండా గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ముసలాయన అతిథులందరినీ వదిలి అతని దగ్గరకే వచ్చాడు. పొట్టి మనిషి, తెల్లగడ్డం, వేళ్ల నిండా మరకలు. మహబూబ్ తల మీది నమాజు టోపీ కాసేపు చూశాడు. ఎవరికి కావాలని దొరసాని చేత అడిగించాడు. భార్యకన్నాడు మహబూబ్. ఆమెకు ఏ పూవంటే ఇష్టమని అడిగించాడు. గులాబీ అన్నాడు. ఇంతలో దొరసానిని తమ్ముడు బయటికి పిలిచాడు. ముసలాయన లోపలికి పోయి చాలాసేపటికి వచ్చాడు. చేతిలో వేలెడంత గాజుబుడ్డి, మూత చుట్టూ దారం చుట్టి లక్క వేసి ఉంది. దాన్ని మహబూబ్ అరచేతిలో పెట్టి, రెండు చేతులతో ఆ చేతిని మూసి, తన భాషలో ఏదో పొడుగ్గా చెప్పాడు. అద్దపు పలకలవైపు చూపించి తల అడ్డంగా ఊపాడు. రాగి బట్టీవైపు చూపించాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

మనవాడికి అన్నీ తెలుసు కదా. తన పనితనం చెప్పుకుంటున్నాడనుకున్నాడు. ఎంత కష్టపడి చేశానో చూడు అంటున్నాడనుకున్నాడు. సలాం చేసి బయటికి వచ్చేశాడు. దొరసాని దారిపొడవునా పక్కనే నడిచింది. ఆయన ఏమన్నాడో కనుక్కోమని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. అడగలేదు.

పడవ కదిలాక వెనకవైపుకు పోయి, జేబురుమాలుతో పట్టుకుని ఆ బుడ్డిని నీళ్లలో పారేశాడు. రుమాలు కూడా పారేశాడు. చేతులు కడుక్కుని, కుస్తీ గెలిచినవాడిలా గాలి పీల్చుకుని వంటలోకి వెళ్లాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. పూజారి ఇక్కడ ఇంటాయనే అయ్యాడు.

మాచర్ల తిరిగొచ్చిన రోజు అమీనా బీ కాళ్లకు నీళ్లిచ్చి, పెట్టె విప్పుతుంటే పక్కన కూర్చుంది. బాజీ గడియారం వచ్చింది. ఇంకెవరెవరివో వచ్చాయి. పెట్టె అడుగు కనపడింది. అప్పుడు మహబూబ్ జరిగింది చెప్పాడు. అపరాధిలా కాదు, ఛాతీ విరుచుకుని చెప్పాడు. పంది కొవ్వులో పూలు ముంచి తీసే సరుకని, కళ్లారా చూశానని, అంత దూరాన ఎవరూ చూడని చోట కూడా దీను, ధర్మం తప్పలేదని.

అమీనా కాసేపు పెట్టె అడుగు చూసింది.

"ఆ ముసలాయన్ని అడిగావా?" అంది.

"అడిగేదేముంది? నా కళ్లతో నేను చూశా."

"మంచిపని చేశావు" అని లేచి రొట్టెలు చెయ్యడానికి పోయింది.

మర్నాడే పక్కింటి హజ్రా బీకి చెప్పింది, మా ఆయన ఇంత పని చేశాడని. హజ్రా బీకి చెప్పిన మాట సాయంత్రానికి మసీదుకు చేరింది. పేష్ ఇమాం నూర్ మొహమ్మద్ గారు శుక్రవారం నమాజు తర్వాత అందరి ముందూ మహబూబ్ భుజం తట్టారు. టీ కొట్టు దగ్గర బాజీ రోజూ ఆ కథే చెప్పించేవాడు. క్రైస్తవపేట నుంచి వచ్చే యోబు మేస్త్రి కూడా విని, మనిషంటే అట్టా ఉండాల అన్నాడు. చెప్పిన కొద్దీ నది వెడల్పయింది, బుడ్డి పెద్దదయింది. మహబూబ్ ఆ చలికాలం మొదట్లో ఉన్నంత సంతోషంగా ఎప్పుడూ లేడు.

దొరసాని మళ్లీ వచ్చింది. లోయలో అదే ఆమె ఆఖరి చలికాలం. మొదటిరోజు భోజనం దగ్గర, మీ ఆవిడకు అత్తరు నచ్చిందా అని అడిగింది. పారేశానని చెప్పడానికి మహబూబుకు ధైర్యం చాలలేదు.

"చానా నచ్చిందమ్మా" అన్నాడు.

ఆమె ముఖం విప్పారింది. తను మళ్లీ ఆ ఊరు పోయినప్పుడు ఆ ముసలాయన మరీ మరీ చెప్పమన్నాడంది. ఆయన దగ్గర ఆఫ్రికావైపు నుంచి వచ్చిన సాయిబు ఒకతను చాలా ఏళ్లు పనిచేశాడట. అతను కొవ్వు పలకల దగ్గరకు వచ్చేవాడు కాదట. అతని కోసమే ముసలాయన రాగి బట్టీలో ఒట్టి గులాబీలు, ఒట్టి నీళ్లు పోసి వేరేగా తీసి, ఆ బుడ్లు వేరే బీరువాలో దాచేవాడట. అతను పోయాక కూడా ఆ అలవాటు మానలేదట. మహబూబ్ టోపీ చూసి ఆ బీరువాలోంచే తీసిచ్చాడు. ఆ రోజు గుండె మీద చెయ్యి వేసుకుని ఆయన చెప్పింది ఆ మాటే.

మహబూబ్ చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. కూర చల్లారిందని దొరసాని అనేదాకా తెలియలేదు.

ఇంటికి పోయి అమీనాకు చెప్పాలనే అనుకున్నాడు. వీధి మలుపు తిరిగేసరికి ఆమె నలుగురు ఆడవాళ్ల మధ్య కూర్చుని అదే కథ చెబుతోంది, కళ్లు మెరుస్తుండగా. పేష్ ఇమాం భుజం తట్టిన సంగతి కూడా చెబుతోంది. ఇంత పరువు ఇచ్చిన కథను చేజేతులా ఎట్లా పడగొట్టడం? రేపు చెబుదామనుకున్నాడు. ఆ రేపు సంవత్సరాలు గడిచినా రాలేదు. పండుగకు చెబుదామనుకుంటే పండుగపూట బాధ ఎందుకనిపించేది. ఒట్టి రోజున చెబుదామనుకుంటే ఇప్పుడెందుకనిపించేది. అప్పటినుంచే ఫ్రాన్సు పేరెత్తితే పక్కసందులోకి తిరగడం మొదలైంది. నరసరావుపేట పోయినప్పుడల్లా అత్తరు కొట్టు ముందు నిలబడేవాడు. ఒక బుడ్డి కొనిస్తే ఎందుకు కొన్నావని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెప్పడం ఇష్టంలేక కొనలేదు. అంటే పారేసిన పాపానికి తోడు, కొనిపెట్టగలిగిన దాన్ని కూడా ఆమెకు లేకుండా చేశాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా తనమీద తనకే అసహ్యం వేసేది.

సాగర్ నిండింది. లోయ మునిగింది. దొరసాని మళ్లీ రాలేదు. అరవై ఎనిమిదిలో అమీనా బీకి గుండెజబ్బు పట్టుకుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. గుంటూరు పెద్దాసుపత్రిలో చూపిస్తే ఇంటికి తీసుకెళ్లి బాగా చూసుకోమన్నారు. ఆ మాటకు అర్థం ఆసుపత్రి మెట్లు దిగేలోపల మహబూబుకు తెలిసింది. హోటలు మూసేసి మంచం పక్కనే ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం ఆమెకు గంజి తాగించి, మూతి తుడిచి, ఇక ఆగలేక చెప్పేశాడు. ముసలాయన చెప్పిన మాట, వేరే బీరువా, ఆఫ్రికా సాయిబు, దొరసానితో తను ఆడిన అబద్ధం అన్నీ చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. మగవాడు అట్లా ఏడవడం ఆ ఇంట్లో అదే మొదలు.

అమీనా కదలకుండా వింది. అంతా అయ్యాక అతని చెయ్యి మీద చెయ్యి వేసింది.

"నాకు తెలుసు" అంది.

ఆ చలికాలమే దొరసాని ఒకరోజు మాచర్ల వచ్చి ఇల్లు కనుక్కుని వచ్చిందట. మహబూబ్ ఆ రోజు సంతకు పోయాడు. అత్తరు నచ్చిందటగా అని ఆమె అడిగితే, అమీనాకు మొదట అర్థం కాలేదు. తర్వాత ఆ ముక్కల తెలుగులోనే రాగి బట్టీ సంగతంతా విన్నాక అంతా అర్థమైంది. భర్త పరువు పోకూడదని, చానా నచ్చిందమ్మా అని ఆమె కూడా అదే అబద్ధం ఆడింది. దొరసాని ఆ ముసలాయన గులాబీయే పూసుకుని వచ్చింది. చూడు, నీదీ ఇదే కదా అని మణికట్టు అమీనా ముక్కు దగ్గర పెట్టింది.

మహబూబుకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ చలికాలం తర్వాత అమీనా కథ చెప్పేటప్పుడు పంది కొవ్వు మాట ఎత్తేది కాదు. మా ఆయన ఏట్లో పారేశాడు అని అక్కడికి ఆపేసేది. ఊరికి ఆమె అబద్ధం చెప్పలేదు, అతన్ని బజారుకు ఈడ్చలేదు. ఇన్నేళ్లూ ఆ సన్నటి గట్టు మీద ఒక్కతే నడిచింది.

"మరి నన్నెందుకు అడగలేదు?" అన్నాడు. "అందర్నీ అన్నీ అడుగుతావే."

"నువ్వే చెబుతావని చూశా" అంది. "ఇయాళ చెబుతాడు, రేపు చెబుతాడు అని."

తలుపు బయట హజ్రా బీ మేకకు ఆకు వేస్తున్న చప్పుడు వినపడుతోంది. మహబూబ్ పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తనకు తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకుని అడిగాడు.

"ఎట్టా ఉందే ఆ వాసన?"

అమీనా బీ అతని ముఖంలోకి చూసింది. కోపంగా కాదు, జాలిగా చూసింది.

"నీ చేతిలోనే ఉండెగదయ్యా. మూత తీసి చూడకపోతివి. ఇప్పుడు నన్నడిగితే నేనేమని చెప్పేది?" అని గోడవైపు తిరిగి పడుకుంది.

బక్రీదుకు ముందు ఆమె పోయింది. కఫన్‌ గుడ్డకు చల్లడానికి హజ్రా బీ బజారు నుంచి అత్తరు తెప్పించి, ముందు నువ్వు వెయ్యి అన్నా అని మహబూబ్ చేతికిచ్చింది. అతను మూత తీసి, వాసన చూసి, ఇది గులాబీయేనా అని అక్కడున్న ఒక్కొక్కరినీ అడిగాడు. ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోయారు.